ముల్లుగర్ర ఇంట్లో పెట్టి

మా పెద్దనాయిన వీరయ్యకు పాచికలంటే గిట్టదు. అయినా ఆదివారం మధ్యాహ్నాలు సూర్యాపేటలో మా ఇంట్లో ఆడే ఆటకు మునగాల నుంచి బస్సెక్కి వచ్చేవాడు. ఆటేమీ బ్రహ్మవిద్య కాదు. నేను కథ చెబుతాను. మిగతావాళ్లు అందులో మనుషులై ఏం చేస్తారో చెబుతారు. అది సాగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. ఆ కథలో మా ఆఫీసు హరీష్ దొంగ, నా స్నేహితురాలు ఇంద్రజ వైద్యురాలు. నువ్వేమవుతావని అడిగితే పెద్దనాయిన ఆలోచించనైనా లేదు. "ఎద్దులోణ్ణి," అన్నాడు. ఎద్దుకు గుర్తుగా బల్ల మీద చింతగింజ పెట్టాం.

ఆయన బతుకంతా ఎద్దులే. బండలాగుడు పందెంలో ఆయన జత దిగిందంటే జనం గోడలెక్కి చూసేవాళ్లు. మూడేళ్ల కిందట ఒక పందెంలో, ఆఖరి నిమిషంలో బండ ఆగిపోతే, తాను చేత్తో మేపి పెంచిన బూడిదరంగు మైలెద్దును ముల్లుగర్రతో పొడిచాడు. గెలిచాడు కూడా. ఆ రోజు నుంచి అది ఆయన్ని చూస్తే మొహం తిప్పుకునేది. ఆయన పెట్టిన కుడితి ముట్టేది కాదు. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చి, జత విడదీసి దాన్ని త్రిపురారం రైతుకు అమ్మేశాడు. ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తం.

అలవాటు ఊరికే పోతుందా? మొదటి ఆదివారమే కథలో నిధి కోసం పోతుంటే వాగు అడ్డమొచ్చి ఎద్దు నిలబడిపోతే, "పొడిసిన," అన్నాడు. ఎద్దు కాడి విడిపించుకుని అడవిలోకి పోయిందని చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

తర్వాత నాలుగు ఆదివారాలు ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "ముల్లుగర్ర ఇంట్ల పెట్టి పోయిన. ఉలవలు పోసిన. జర దూరంల, దానికి వీపు పెట్టి కూసున్న."

హరీష్‌కు విసుగొచ్చింది. "అవతల నిధి ఉంటే గీడ కూసునుడేంది మామా?"

"నన్ను సూసుకునే టైం దానికియ్యాలె గద బిడ్డా. ఎదురుంగ పోతే మల్ల కొట్టనీకి వచ్చిండనుకుంటది."

ఆరో ఆదివారం ఎద్దు ఆయన దగ్గరికి వస్తుందో రాదో తేల్చాల్సి వచ్చింది. నాలుగు గానీ, ఆ పైన గానీ పడాలి. ఎద్దు తరఫున నేనే వేశాను. రెండు పడింది.

"ఇంకోసారి వెయ్యి నిఖితా, ఎవరు సూసిన్రు," అన్నాడు హరీష్.

పెద్దనాయిన పాచికను అరచేత్తో మూసేశాడు. "వద్దు. అది రానన్నది. మల్ల వేస్తే మల్ల పొడిసినట్టే."

ఆయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు. ఆ పూట ఆయన మీద పుట్టినంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ పుట్టలేదు.

మరుసటి ఆదివారం ఆయన రాలేదు. సోమవారం ఫోన్ చేశాడు.

"నిన్న త్రిపురారం పోయొచ్చిన బిడ్డా."

"దగ్గరికొచ్చిందా పెద్దనాయినా?"

"రాలే. మొహం తిప్పుకున్నది. ఉలవలు పోసి, వీపు పెట్టి కూసున్న. శానసేపటికి ఎనక నమిలే సప్పుడు ఇనవడ్డది. నేను తిరిగి సూడలే."

ఆటను శనివారానికి మార్చమన్నాడు. ఆదివారాలు ఇక కుదరవట.