అమ్మ మూడో చరణం, తమ్ముడి లినక్స్

తిరువళ్లూరులో మా ఇంటి ముందుగదిలోనే నా పని. కంప్యూటర్లో పెళ్లిపత్రికలు కూర్చి ఇస్తాను. ఒక పక్క తమిళం, ఒక పక్క తెలుగు. తెలుగు పక్క చదివేవాళ్లు తగ్గిపోయారు. అయినా అది లేకపోతే ఆ పెళ్లి మావాళ్లది అనిపించదు. దానికోసం ఏళ్ల తరబడి ఒకే పాత విండోస్ ప్రోగ్రామును నమ్ముకున్నాను. అమ్మ పాడే అప్పగింతల పాటనూ ఆమె నోట వింటూ అందులోనే టైపు చేసిపెట్టాను.

ఇప్పుడు అమ్మ రెండు చరణాలు పాడి, మూడోదాని దగ్గర గడప ముందు దారి మరచిన మనిషిలా ఆగిపోతోంది. పది రోజుల్లో తిరుత్తణి కొండమీద మా అక్క కూతురి పెళ్లి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొండికేసింది.

ఆవడిలో ఉద్యోగం చేసే తమ్ముడు ఆదివారం రైలెక్కి వచ్చాడు. పాత డిస్కుకు నకలు తీసుకుని, డిస్కును తుడిచి విండోస్ బదులు లినక్స్ ఎక్కించాడు.

“నా ప్రోగ్రాము యాడ్రా?”

“యాడికీ పోలేదక్కా. మూడు దార్లుండాయి.”

వైన్ అనేది మధ్యమనిషట. ప్రోగ్రాము అడిగినదాన్ని లినక్స్‌కు అర్థమయ్యేట్టు చెబుతుంది. ఇంట్లో తెలుగులో తిట్టి, గడప దాటగానే తమిళంలో బేరమాడే నాకు అది చప్పున బోధపడింది. రెండోది వర్చువల్ మెషీన్. లినక్స్ లోపలే ఒక విండోస్‌ను గిన్నెలూ చాపలతో సహా కాపురం పెట్టడం. మూడోది, రెండింటినీ ఒకే డిస్కులో ఉంచి, ఒకటి ఆపితేనే మరొకటి తెరవడం. అరక్కోణంలో దిగి బండి మారినట్టు. రోజుకు పదిసార్లు బండి మారే ఓపిక నాకు లేదన్నాను.

వాడు వైన్‌లో పాట తెరిచాడు. “చూడక్కా, వచ్చేసిందే! ఎంత అందంగా ఉండాది తెలుగు!”

చూశాను. అక్షరాలు తెలుగువే. మాట ఒక్కటీ తెలుగు కాదు. నా పాత ఫాంటు దొరక్క, వాడికి దొరికిన ఇంకో తెలుగు ఫాంటు పెట్టాడు. ఒకదాని స్థానంలో ఇంకో అక్షరం వచ్చి కూర్చుంది. తమిళబడిలో చదివిన వాడికి వంకర ఉన్నదల్లా తెలుగే.

“ఒరేయ్, ఇది పాటా, గుంపులో తప్పిపోయిన పిల్లకాయలా?”

“కోప్పడొద్దు. నకల్లో అంతా ఉంటుంది, ఇరు, కాస్త ఉండు.”

ఆ నకలుతోనే వర్చువల్ మెషీన్ లేపాడు. బయట సన్నటి వాన. కడంబత్తూరు వైపు పోయే బండి చప్పుడు వచ్చి, దూరమై, ఎక్కడో కరిగిపోయింది. అంత నిదానంగానే చీకటి తెరలోంచి నా పాత నీలిరంగు తెర పైకి తేలింది. అందులో నా పాత కిటికీలు, పాత బొమ్మలు. నేను చిన్నదాన్నై మళ్లీ ఆ గదిలోకి నడిచినట్టుంది. పాట తెరిస్తే ఒక్కో పంక్తే దిగుతోంది.

మూడో చరణం మొదటి మాట చదివాను. “మెట్టుమెట్టుకీ...”

పక్కనే కూర్చున్న అమ్మ చెయ్యెత్తింది. “ఉండు మే, నేను చెప్తా.” కళ్లు మూసుకుంది. “మెట్టుమెట్టుకీ ఒక పువ్వుంచి పోవమ్మా...” తెరమీద పాట ఇంకా వెనకే ఉంది. అమ్మ చివరిదాకా వెళ్లిపోయింది.

నకల్లోంచి నా పాత ఫాంటును వైన్‌కూ తెచ్చుకున్నాను. పత్రికలకు అదే చాలు, చురుగ్గా ఉంటుంది. పాటను మాత్రం ఆ నిదానపు గదిలోనే ఉంచాను.

కొండమీద అప్పగింతల వేళ అమ్మ మూడో చరణం ఎత్తుకుంది. పక్కనుంచి ఇంకో గొంతు కలిసింది. తమ్ముడిది. చేతిలో పెళ్లిపత్రిక. దాని వెనక తెలుగు పాట మొత్తం తమిళ అక్షరాల్లో రాసుకుని ఉన్నాడు.

“వైన్ నువ్వేరా,” అన్నాను.

“సుమ్మా ఉండక్కా,” అన్నాడు, పాట తప్పకుండా.