తప్పిపోయిన ఫైలు, అత్తమ్మ గొంతు

హైదరాబాద్ చుట్టూ ఏ చేను చూసినా ప్లాట్లు చేసి తెల్లరాళ్లు పాతుతున్న రోజులవి. ఇబ్రహీంపట్నంలో కొత్త దుకాణం తెరవని నెల ఉండేది కాదు. దుకాణమన్నాక కరపత్రం పంచాలి. ఆ కరపత్రాలు, పెళ్లి పత్రికలు తెలుగులో టైపు చేసి ఇవ్వడం నా పని. మా ఇంటి వెనకగదిలో కంప్యూటర్ పెట్టుకుని, వంట ముగించి కూర్చునేదాన్ని. నేను పేజీ తయారుచేసి ఇస్తే బస్టాండు దగ్గరి ప్రెస్సులో అచ్చయ్యేది.

ఒకరోజు పొద్దున యాచారం నుంచి ఒక అక్క వచ్చింది. వానను నమ్ముకున్న సేద్యంతో విసిగిపోయి, ఆమె, ఆమె భర్త మా బస్టాండు ఎదురుగా టిఫిన్ సెంటర్ పెడుతున్నారు. ఎల్లుండే మొదలు. కరపత్రం ముందురోజే టైపు చేసి ఉంచాను. ఆమె ఒకసారి చూసి సరే అంటే మధ్యాహ్నంలోగా ప్రెస్సుకు పంపాలి. ఆమెను కూర్చోబెట్టి కంప్యూటర్ ఆన్ చేశాను. తెర నల్లగానే ఉండిపోయింది. పైన తెల్లటి ఇంగ్లిష్ అక్షరాలు ఒక్క వరుస: ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్.

ఆపి మళ్లీ వేశాను. అదే వరుస. నా మొహం చూసి బియ్యం ఏరుతున్న అత్తమ్మ చేటతో సహా లేచి వచ్చింది.

“ఏమైంది పిల్లా?”

“ఏదో ఫైలు మిస్సింగ్ అంటున్నది అత్తమ్మా.”

“మిస్సింగంటే తప్పిపోయినట్టే గదా. ఇంట్ల ఉన్నది ఏడికి పోతది? దేవులాడు.”

దేవులాడడం నాకు రాదు. నాకు తెలిసింది టైపు చేయడమే. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసే మా తమ్ముడికి ఫోన్ చేశాను. “ఫికర్ చెయ్యకక్కా, నేను చెప్పినట్టు కొట్టు” అన్నాడు. చిక్కేమిటంటే ఫోనేమో ముందుగదిలో, కంప్యూటరేమో వెనకగదిలో. నడుమ వాకిలి. ఫోన్ వైరు గడప కూడా దాటదు.

“ఫోన్ నాకియ్యి. ఆయన చెప్పింది నేను నీకు చెప్త” అంది అత్తమ్మ. ఆమెకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. గొంతు మాత్రం ఉంది. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలిన గొంతది.

అంత గొంతూ ఆ రోజు చాలలేదు. పక్క ప్లాటులో బోరు వేస్తున్నారు. ఆ బండి చప్పుడుకు మా గోడలే అదురుతున్నాయి. అప్పుడు యాచారం అక్క తనంతట తనే లేచి, కొంగు నడుముకు దోపుకుని వాకిట్లో నిలబడింది. తమ్ముడు అత్తమ్మకు, అత్తమ్మ అక్కకు, అక్క నాకు. అట్లా మొదలైంది మా వైద్యం.

కంప్యూటర్ కొన్నరోజు తమ్ముడిచ్చిన సీడీ బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. దాన్ని పెట్టి మళ్లీ ఆన్ చేశాను. నీలం తెర వచ్చింది.

“ఆర్ కొట్టాలంట. రైల్ల ఉండే ఆర్” అని అరిచింది అక్క.

కొట్టాను. ఏదో నంబరు అడిగింది. ఒకటి అన్నారు. తర్వాత పాస్‌వర్డ్ అడిగింది.

“ఏం లేదంట, ఉత్తగ ఎంటర్ కొట్టుమంటుండు.”

అక్కడిదాకా బాగానే నడిచింది. అసలు పని అప్పుడొచ్చింది. సీడీలో ఉన్న ఫైలును తెచ్చి కంప్యూటర్‌లో పెట్టడానికి ఒక వరుస తప్పు లేకుండా టైపు చేయాలి.

“కాపీ అని కొట్టి జర జాగ ఇడువాలంట” అంది అక్క. అంతలోనే తనకే నవ్వొచ్చింది. “గిప్పుడు ఇబ్రహీంపట్నంల జాగ ఎవరిడుస్తరు?”

“తర్వాత?”

“డీ. డీ కాలనీ.”

“ఏం కాలనీ?”

ఆ ప్రశ్న వాకిలి దాటి ఫోన్‌లోకి వెళ్లింది. జవాబు అత్తమ్మ గొంతులో బయల్దేరేసరికి పైపు మార్చడానికి బోరు బండి ఆపారు. “కాలనీ కాదంట! రెండు చుక్కలంట!” అన్న కేక ఆ నిశ్శబ్దంలో గల్లీ చివరిదాకా వినపడింది. బోరు పనివాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. అక్క నవ్వాపుకోలేక స్తంభాన్ని పట్టుకుంది.

రెండు చుక్కల తర్వాత ఒక వాలుగీత పెట్టాలన్నారు. కీబోర్డు మీద అటు వాలింది ఒకటి, ఇటు వాలింది ఒకటి ఉన్నాయి. ఏది పెట్టాలో అడగమన్నాను.

“తలకాయ ఎడమ దిక్కుకు వాలాలంట. గిట్ల” అని అక్క తానే ఒరిగి చూపించింది. ఆమె నాకు ఎదురుగా నిలబడి ఉంది. ఆమె ఎడమ నాకు కుడి. ఆమె ఒరిగిన దిక్కే చూసి గీత పెట్టి, మిగతా వరుస కూడా అట్లాగే విని టైపు చేశాను. ఫైలు దొరకలేదని వచ్చింది. మళ్లీ చేసినా అంతే. మూడోసారి కొట్టబోతూ ఆమెను చూస్తే విషయం అర్థమైంది.

“అక్కా, నువ్ జర అటు తిరుగు.”

ఆమె నాకు వీపు పెట్టి మళ్లీ ఎడమకు ఒరిగింది. ఈసారి రెండో గీత కొట్టాను. ఫైలు కాపీ అయిందని తెర మీద పడింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

“ఇంకొకటి కూడ ఉన్నదంట, దాని జోడీది” అని వచ్చింది అక్కడినుంచి. అప్పటికి అత్తమ్మకు వరుసంతా నోటికొచ్చేసింది. తమ్ముడు చెప్పకముందే “కాపీ, జాగ, డీ, రెండు చుక్కలు, ఎడమకు ఒరిగిన కట్టె” అని పాటలా అందుకుంది. తమ్ముడు చెప్పాల్సింది ఫైలు పేరు ఒక్కటే.

అదీ అయ్యాక సీడీ తీసి ఆన్ చేశాను. ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. రంగులు వచ్చాయి, గంట మోగింది, నా ఫైళ్లన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. అత్తమ్మ పరుగున వెళ్లి ఫోన్‌లో “వచ్చింది బిడ్డా, నువ్ సల్లగుండాలె” అంది. తమ్ముడు ఇంకా లైన్లోనే నవ్వుతున్నాడట.

అక్క కరపత్రం చదివింది. సాయంత్రం మిర్చి బజ్జీ కూడా ఉంటుందని ఒక మాట చేర్చమంది. చేర్చి ఇచ్చాను. మధ్యాహ్నంలోగా ప్రెస్సుకు అందింది.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చాడు. జరిగింది చెబుతుంటే మెల్లగా తల దించుకున్నాడు.

“నిన్న కంప్యూటర్ల జాగ సాలుతలేదని కొన్ని ఫైళ్లు తీసేసిన. పేర్లు సక్కగ లేవు, పనికిరానివేమో అనుకున్న.”

“పేరు సక్కగ లేదని తీసేస్తవా? నీ పేరేమన్న మస్తుగున్నదా? నేను నిన్ను తీసేసిన్నా?” అంది అత్తమ్మ. ఆయనకూ నవ్వాగలేదు. నవ్వి నవ్వి నా కడుపు నొచ్చింది.

మూడోరోజు పొద్దున మా ఆయన, అత్తమ్మ, నేను ముగ్గురం టిఫిన్ సెంటర్‌కు వెళ్లాం. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడలేదు. అక్క తన భర్తను పిలిచి, అత్తమ్మను చూపించి, “కంప్యూటర్ బాగుచేసిన అమ్మ గీమెనే” అంది.

అత్తమ్మ ప్లేటులోంచి తల ఎత్తింది.

“అవ్” అంది. “ఇంకో రెండు ఇడ్లీ వెయ్యి బిడ్డా, చట్నీ మంచిగున్నది.”