ముందు సలాం, తర్వాత కుస్తీ

మొన్న నా కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే బాగుచేయించుకుందామని చిక్కడపల్లి నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ అశోక్‌నగర్ దాకా వెళ్ళాను. దుకాణం ఇంకా తెరవలేదు. పక్కనే చాయ్ బండి ముందు బెంచీ మీద కూర్చున్నాను. నా వెనుక ఇద్దరు అమ్మాయిలు ల్యాప్‌టాప్ తెరిచి ఏదో వ్యాసం మీద వాదించుకుంటున్నారు. పుట్టగొడుగుల్లా కోచింగ్ సెంటర్లు మొలిచిన ఆ వీధిలో అది వింతేమీ కాదు. అద్దాలు లేక వాళ్ళ ముఖాలు నాకు సరిగ్గా ఆనలేదు గానీ, చెవులకు అద్దాలతో పని లేదు కదా.

"గట్ల ఒకటేసారి తప్పు అనొద్దే," అంటోంది ఒకమ్మాయి. "ముందు సలాం కొట్టాలె, తర్వాత కుస్తీ పట్టాలె. ఆళ్ళు చెప్పినదాంట్ల ఏది మంచిగున్నదో ముందు ఒప్పుకో, ఆ తర్వాత హౌ ఎవర్ అను. మా మేడంకు వాళ్ళ నాయనమ్మ నేర్పిందంట."

నా చేతిలోని చాయ్ గ్లాసు పెదవుల దాకా రాకుండానే ఆగిపోయింది. ఎందుకంటే ఆ నాయనమ్మ నాకు బాగా తెలుసు. ఆ మేడంకు ఆమె నాయనమ్మ కాదు. ఆమె మా అత్తగారు.

నేను ఈ నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లీషు అనగానే కవిత్వమూ నాటకాలూ అనుకునేరు. అంత అదృష్టం నాకెక్కడిది? నేను చెప్పింది అకడమిక్ ఇంగ్లీషు. అంటే పరిశోధన చేసే పిల్లలు సెమినార్ పత్రాలూ థీసిస్‌లూ రాసుకోవడానికి కావలసిన ఇంగ్లీషు. మా విభాగంలో సాహిత్యం చెప్పేవాళ్ళు పట్టుచీరలైతే నేను చీరకు కుట్టే ఫాల్‌ని. పైకి కనబడకూడదు, లేకపోతే మాత్రం కుచ్చిళ్ళు నిలవవు. సుల్తాన్ బజార్‌లో ఫాల్ కొన్నప్పుడల్లా నా ఉద్యోగం గుర్తొచ్చి నవ్వుకునేదాన్ని.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది తెలుగు మీడియం పిల్లలు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఎవరి విషయంలో వాళ్ళు చురుకైనవాళ్ళే. ఇంగ్లీషులో రాయమంటే మాత్రం ఎక్కడెక్కడి పుస్తకాల నుంచో నోరు తిరగని మాటలు ఏరుకొచ్చి వరుసగా పేర్చేవాళ్ళు. దీని అర్థమేమిటి నాయనా అని అడిగితే నేల చూపులు. అందుకని నేనొక నియమం పెట్టాను. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసేముందు, ఆ విషయం అసలు తెలియని మనిషికి ఎవరికైనా ఇంటి దగ్గర తెలుగులో చెప్పి రావాలి, వ్యాసం కింద "విన్నవారు" అని పెట్టి వాళ్ళెవరో రాయాలి. అమ్మ, మేనమామ, కిరాణా దుకాణం సేటు, ఇలా రకరకాల శ్రోతలు వచ్చేవారు. ఒక కుర్రాడు "మా బర్రె" అని రాశాడు. బర్రె ఏమన్నది అని అడిగాను. "సగంలనే లేచిపోయింది మేడం," అన్నాడు. అయితే మళ్ళీ రాసి తీసుకురమ్మన్నాను. బర్రె తీర్పు మీద నాకు అంత గురి.

ఇంగ్లీషు క్లాసులో ఈ తెలుగు పోపు ఏమిటని మా విభాగంలో మూతులు విరిచినవాళ్ళున్నారు. పోపు లేని పప్పు ఆసుపత్రిలో తప్ప ఎవరు తింటారని నేనూ అనేదాన్ని.

చిక్కంతా హాస్టల్ పిల్లలతోనే. వాళ్ళ ఊరు ఎక్కడో, ఇక్కడ వినేవాళ్ళెవరు? వాళ్ళను ఆదివారం పొద్దున చిక్కడపల్లిలోని మా ఇంటికి రమ్మనేదాన్ని. ఆ రోజుల్లో మాది ముందు వరండా ఉన్న పాత ఇల్లు. వరండాలో పేము కుర్చీ, కుర్చీలో బియ్యం చాటతో మా అత్తగారు. పిల్లలు ఆమె ముందు నిలబడి తమ పరిశోధన చెప్పుకోవాలి. పత్రమొక్కటే తీసుకొస్తే ఊరుకునేది కాదావిడ, పుష్పమూ ఫలమూ ఏవని నిలదీసేది. అందుకని జామపండ్లో మల్లెపూలో పట్టుకొచ్చేవాళ్ళు. ఆమెకు చదువు పెద్దగా లేదు, ఓపిక అంతకన్నా లేదు. నచ్చకపోతే మొహమాటపడకుండా నిద్రపోయేది. నిద్రపోతే ఆ పత్రం తప్పినట్టే. నిద్రపోకపోతే "అయితేంది?" అనేది. పిల్లలు ఆ "అయితేంది"కి జవాబు వెతుక్కుంటూ వారమంతా నలిగిపోయేవాళ్ళు.

మా అత్తగారి తమ్ముడు కుర్రతనంలో నారాయణగూడ దగ్గర తాలీం గోదాలో కుస్తీ పట్టేవాడట. ఒక ఆదివారం ఒక పరిశోధకుడు తనకన్నా ముందు ఆ విషయం మీద రాసిన పెద్దలందరినీ మూర్ఖులని తిట్టిపోస్తుంటే ఆమె చాట పక్కన పెట్టింది. "ఏందిరా అట్ల మీద పడుతున్నవు? మా తమ్ముని తాలీంల అయితే నిన్ను బయటికి తోలుదురు. ముందు సలాం, తర్వాత కుస్తీ, ఆఖరుకు అలాయ్ బలాయ్. గట్లుంటది లెక్క," అంది. ఎదుటివాడి బలాన్ని ముందు గౌరవించడం, ఆ తర్వాతే అతనితో తలపడటం. అకడమిక్ ఇంగ్లీషులో నేను ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసి అరిగిపోయిన పాఠాన్ని ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ చెప్పేసింది. మర్నాటి నుంచి నా క్లాసుకు అదే మంత్రం. కుస్తీ అయ్యాక కౌగిలించుకునే ఆ మూడో ముక్క వ్యాసంలో ఎక్కడా ఇమడదు కనుక క్లాసులో రెండే చెప్పేదాన్ని. మూడోది మా వరండా దాకా వచ్చినవాళ్ళకే తెలుసు.

అలా వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి ఉండేది. ఆర్థికశాస్త్రం, నారాయణగూడలో హాస్టల్, బీడీలు చుట్టే ఆడవాళ్ళ మీద పరిశోధన. మొదటి ఆదివారం ఆమె నోటివెంట వచ్చిన లావుపాటి మాటలకు మా అత్తగారు రెండో వాక్యంలోనే గురక పెట్టింది. ఆ పిల్ల గేటు దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మరుసటి వారం వచ్చి, ఏ కాగితమూ లేకుండా, వాళ్ళమ్మ బీడీ ఆకు మడిచే గోరు ఎట్లా అరిగి పచ్చబడిందో చెప్పడం మొదలుపెట్టింది. చాటలో చెయ్యి ఆగిపోయింది. చెప్పడం అయిపోయాక మా అత్తగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది. "నువ్వు చుట్టినవా?" అని అడిగింది. "చుట్టిన నాయనమ్మా," అంది ఆ పిల్ల. ఆ రోజు నుంచి ఆమె నాయనమ్మ, ఈమె మనుమరాలు. మాకు ఆడపిల్లలు లేని లోటు ఆ ఆదివారాలు తీర్చాయని చెబితే మా అబ్బాయిలు ఉడుక్కుంటారు గానీ, నిజమది.

ఆ పిల్ల డాక్టరేటు తెచ్చుకుంది. మా విశ్వవిద్యాలయంలోనే లెక్చరర్ అయింది. నేను రిటైరయ్యాక ఈ క్లాసు నడిపేది ఆమేనని నేను మనసులోనే రాసిపెట్టుకున్నాను. మనసులో రాసినదానికి సాక్షి సంతకాలు ఉండవని అప్పుడు తోచలేదు.

నా రిటైర్‌మెంట్ దగ్గరపడేసరికి కొత్త మాట ఒకటి పుట్టింది. నా క్లాసు తీసేసి, దాని చోట కంప్యూటర్లోనే రాయించి కంప్యూటరే దిద్దే కోర్సు ఒకటి కొని పెడతారట, దానికొక కేంద్రమూ ఉంటుందట. తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీలో మా అమ్మాయి ఉంది. మీటింగుకు ముందు ఆదివారం ఆమె ఇంటికి వచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిందని మా అత్తగారు మామిడికాయ పప్పు చేయించింది. నా గుండెలో ఉన్న గుబులు నేను దాచుకోలేదు. ఈ క్లాసు పోతే వెనకబెంచీ పిల్లలు మళ్ళీ నేల చూపులు చూస్తారని చెప్పుకున్నాను.

"మీరు జర పరేషాన్ కాకుండ్రి మేడం," అంది పప్పు కలుపుకుంటూ. "నేనున్న గద. ఆ కమిటీల నేను మాట్లాడత."

మా అత్తగారు నెయ్యి వేస్తూ, "మాట్లాడితే ఒక్కరు కూడ నిద్ర పోవద్దు, చూడు," అంది. ముగ్గురమూ నవ్వుకున్నాం. ఆ పిల్ల ఇంకొంచెం పప్పు వడ్డించుకుంది.

మీటింగు గదికి నేను నిశ్చింతగా వెళ్ళాను, కొత్త నేత చీర కూడా కట్టుకున్నాను. ఆమె లేచి నిలబడింది. నా క్లాసు ఎంతమంది పేద పిల్లలకు దారి చూపిందో చెప్పింది. ఈ పద్ధతి ఎంత మానవీయమైనదో చెప్పింది. ఎక్కడా తడబాటు లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. అందరూ తలలూపుతున్నారు. అధ్యక్షులవారు నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. పక్కన కూర్చున్న సహోద్యోగిని నా మోచేతిని మెత్తగా నొక్కింది. ఆ గదిలో నేనొక్కదాన్నే నవ్వలేకపోయాను. పొగడ్త మరీ పొందికగా ఉంది. తన వైపు వాళ్ళ గురించి ఎవరూ అంత పొందికగా మాట్లాడరు. అది సలాం. నేను నేర్పిన సలాం. దాని వెనక ఏం వస్తుందో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

వచ్చింది. "హౌ ఎవర్" అంది.

ఇంట్లో వినేవాళ్ళు లేని పిల్లలకు ఈ నియమం అవమానమని, ఎవరి వరండాలోనో నిలబడి చెప్పుకోవలసి రావడం వాళ్ళను చిన్నబుచ్చుతుందని, అందుకు తానే ఉదాహరణ అని అంది. తర్వాత ఆధారాలు, ఆ తర్వాత ముగింపు. నా పాడు అలవాటు ఎలాంటిదంటే, కాళ్ళ కింద నేల కదిలిపోతున్నా, ఎక్కడైనా ఒక వాక్యం వదులుగా ఉందేమోనని లోపల దిద్దుకుంటూనే ఉన్నాను. లేదు. నిండు మార్కులు వేయవలసిన వాదన. నన్ను కోసిన కత్తికి సాన పట్టింది నేనే కనుక, అది మొండిగా ఉందని ఫిర్యాదు చేసే వీలు కూడా లేకపోయింది.

కొత్త కేంద్రానికి ఆమే డైరెక్టరని, ఆ మాట కిందటి నెలలోనే అయిపోయిందని మెట్లు దిగుతుంటే సహోద్యోగిని చెప్పింది. అంటే మా ఇంట్లో పప్పన్నం కలుపుకునే నాటికే.

ఆమె చెప్పినదాంట్లో నిజం లేదని నేననను. ఆ మొదటి ఆదివారం గేటు దగ్గర కార్చిన కన్నీళ్ళు నేనెంత తేలిగ్గా మరిచానో ఆమె అంత గట్టిగా దాచుకుందేమో. ఆ మాటే ఆదివారం కంచం ముందు కూర్చున్నప్పుడు అని ఉంటే వాదించేదాన్ని, అలిగేదాన్ని, చివరికి ఒప్పుకునేదాన్నేమో కూడా. నియమం మార్చుకోవచ్చు. క్లాసు పోయినందుకు కొన్నాళ్ళకు మనసు కుదుటపడింది. "నేనున్న గద" అన్న మాట మాత్రం ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు వరండాలోనే ఎదురుచూస్తోంది.

"ఏమాయె? పిల్ల మాట్లాడిందా?"

"మాట్లాడింది అత్తమ్మా."

"మంచిగ మాట్లాడిందా? ఎవలన్న కునుకు తీసిండ్రా?"

"ఒక్కరు కూడా తియ్యలేదు," అన్నాను. అందులో అబద్ధం లేదు.

"నేను చెప్పలే!" అని మురిసిపోయింది. ఆ తర్వాత ఆదివారాలు పిల్లలు రావడం మానేశారు. ఆవిడ మాత్రం అలవాటుగా కుర్చీలో కూర్చుని, మనుమరాలికి పని ఎక్కువైనట్టుందని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది. కొన్నేళ్ళకు ఆవిడ పోయింది. ఆ పిల్లకు కబురు పంపాను. రాలేదు. డైరెక్టర్లకు తీరిక ఉండదు కదా అని మా అత్తగారి మాటే నాకు నేను చెప్పుకున్నాను.

ఇదంతా చాయ్ చల్లారేలోగా కళ్ళ ముందు తిరిగింది. వెనక్కి తిరిగి ఆ అమ్మాయిని అడిగాను. సలామూ కుస్తీ అయ్యాక మూడోది ఒకటుండాలే, మీ మేడం చెప్పలేదా అని.

"మూడోది కూడ ఉన్నదా ఆంటీ? మా మేడం రెండే అన్నది," అంది ఆశ్చర్యంగా. "ఏంది గది?"

"మీ మేడంకు తెలుసు బిడ్డా. అడుగు," అని లేచాను. అడుగుతుందో లేదో. అడిగితే ఆ మేడం ఏం చెబుతుందో.

మా పాత ఇల్లు ఇప్పుడు అపార్ట్‌మెంట్. వరండా ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. ఇవాళ్టి పిల్లలు తమ పత్రాలను ఫోనుకు చెప్పుకుంటున్నారట, అదే విని అదే దిద్దిపెడుతుందట. అది విసుక్కోదు, "అయితేంది" అనదు, నిద్రపోదు. నిద్రపోని శ్రోత ముందు నిలబడినవాడికి తన మాటలో పస ఉందో లేదో ఎట్లా తెలుస్తుందో నా పాతకాలపు బుర్రకు అందడం లేదు. ఇదంతా నేను ఎవరికీ చెప్పకుండానే రాశాను. చెప్పవలసిన ఒక్క మనిషికి ఆ రోజు వరండాలో సగమే చెప్పాను. నా నియమం ప్రకారం కింద "విన్నవారు" అని పెట్టి ఒక పేరు రాయాలి. ఆ చోటు ఖాళీగానే వదిలేస్తున్నాను.