సమారు కాకా బూట్లు

మొన్న బిలాస్‌పూర్ దగ్గరి ఉస్లాపూర్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం కడుగుతున్న మనిషి తడి చెప్పులు చూడగానే సమారు కాకా గుర్తొచ్చాడు.

మా నాన్న బిలాస్‌పూర్ రైల్వే షెడ్‌లో ఫిట్టర్. ఏడాదికోసారి ఆయనకి కొత్త డ్యూటీ బూట్లు ఇచ్చేవారు. సమారు కాకా నాన్న పక్కనే అదే పని చేసేవాడు. కానీ రోజుకూలీ కదా, బూట్లు ఉండేవి కావు. ఒక ఏడాది నాన్న తన కొత్త జత కాకాకి ఇచ్చేసి, పాతవే తొడుక్కున్నాడు. అయినా మర్నాడు కాకా వట్టికాళ్లతోనే వచ్చాడు. పాపం, లేసులు కట్టుకోవడం రాదేమో అనుకున్నాను. మా క్వార్టర్ మెట్ల మీద కూర్చోబెట్టి, నా స్కూలు బూట్లతో నేర్పించాను. ఆయన బుద్ధిగా ముడి వేసి చూపించాడు. తర్వాత కూడా వట్టికాళ్లే.

"నేర్పినా ఏసుకోడేటి నాన్నా?" అని అడిగాను.

"ఆడికి రాక కాదమ్మా. కొడుక్కి షెడ్‌లో పక్కా నౌకరీ వస్తాది, అప్పుడు ఆడేసుకుంటాడని దాస్తన్నాడు."

ప్లాట్‌ఫారం కడుగుతున్న మనిషి తలెత్తి నన్ను గుర్తుపట్టి నవ్వాడు. కాకా కొడుకే. జేబులో పెద్ద ఫోను ఉంది. బయట బైకు కూడా ఉందట. ఏళ్లుగా ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కిందే పని.

"బూట్లివ్వరా?" అన్నాను హిందీలో.

"ఠేకా వాళ్లకి ఎవరిస్తారు దీదీ?"

"మరి కాకా దాచినవి?"

"ఉన్నాయి. నాన్న ఇప్పటికీ పాలిష్ పెడుతుంటాడు. మనవడి కోసమట."