ఒక నంబరు, రెండు సిస్టమ్‌లు

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో భిలాయి నెహ్రూ నగర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. ఒకరోజు కంప్యూటర్ లోపలే ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ సృష్టించి, అందులో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి చూపిస్తున్నాను. మధ్యలో అది లైసెన్సు నంబరు అడిగింది. మొదటిదానికి కొన్న నంబరే మళ్లీ కొట్టబోయాను.

"ఏటమ్మా, ఒకే గేట్‌పాస్ మీద ఇద్దర్ని ప్లాంట్‌లోకి పంపుతారేటి?" అన్నారు అప్పలస్వామి గారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్, నా క్లాసులో విద్యార్థి. అందరూ నవ్వారు. అందరూ చేసేదేనని అనబోయి ఆగాను.

"తప్పే బాబాయ్," అని ఆ ఎక్కించడం అక్కడితో ఆపేశాను. మర్నాడు ఉచితంగా దొరికే సిస్టమ్ తెచ్చి ఆయన చేతే ఎక్కించాను.

ఆ నంబరు వాడకూడదని నాకు ముందే తెలుసు. కానీ నలుగురి ముందు ఒకరు అడిగేదాకా అది తప్పని అనిపించనే లేదు. నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేసేది అదే.