వేరే సూర్యుడి కింద మా పోస్టు

హెలికాప్టర్ మంచుకు ఆనలేదు. గాల్లో ఊగుతూనే మమ్మల్ని దింపేసి వెనక్కి తిరిగింది. ఎత్తు పంతొమ్మిది వేల అడుగులు. మధ్యాహ్నం రెండున్నర, మైనస్ ఇరవై ఎనిమిది. ఒంటి మీద మూడు జతల బట్టలు, చేతులకు రెండు జతల గ్లవ్స్. సూరత్‌లో మీరంతా "అబ్బ, మంచు ఎంత బాగుంటుందో!" అంటారు. బాగుండటమా, నా బొంద! నాకు ముందు తగిలింది కంపు. గుడిసెలో కిరోసిన్ స్టవ్ రాత్రింబగళ్లు మండేది. ఉమ్మితే నల్లగా పడేది. మూడు నెలలు స్నానం లేదు. నా ఒంటి వాసనకి నాకే డోకు వచ్చేది.

ఆ సరిహద్దు పోస్టులో అయిదుగురం. వంట చూసే జవానుదీ నాదీ సూరత్‌లో ఒకే పేట, భేస్తాన్. ఇద్దరి నాన్నలూ కరీంనగర్ వైపు నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చినవాళ్లే. ఫౌజ్‌లో చేరకముందు వాడూ మగ్గాలు నడిపాడు.

వారానికొకసారి ఫోన్‌లో కూతురితో మాట్లాడేవాడు. ఎక్కడున్నామో చెప్పకూడదని ఆర్డర్. అందుకని ఏకంగా ఒక గ్రహాన్నే కల్పించాడు.

"బిడ్డా, నేను భూమ్మీద లేను. శానా దూరంల ఇంకో సూర్యుడున్నడు. ఒట్టి పిసినారి, వెలుగిస్తడు గని వేడియ్యడు. నేనున్న గ్రహం గాయన సుట్టే తిరుగుతది. ఈడ నీళ్లు రాళ్ల లెక్కుంటయి, పగలగొట్టి తెచ్చి కరగబెట్టాలె. చెట్టు లేదు, పిట్ట లేదు. అయిదుగురమే మనుషులం, అందరం కంపే."

పిల్ల కిలకిలా నవ్వేది. "ఆడ పతంగులు ఎగురతయా పప్పా?"

"గాలి మస్తుంది బిడ్డా. ఎగరేసెటోళ్లే లేరు."

ఒక రాత్రి మంచు తుఫాను వచ్చింది. తెల్లారేసరికి రేడియో ఏరియల్‌ను నిలబెట్టే తాడు తెగి ఉంది. వెంటనే కట్టాలి, గ్లవ్స్ తీయొద్దు. ఇదీ ఆర్డర్. ఉదయం పదకొండు, ఎండ ధగధగలాడుతోంది. వాడు వెళ్లాడు. గ్లవ్స్‌తో ముడి పడటం లేదు. మగ్గం మీద దారం తెగితే మనవాళ్లు ఏం చేస్తారు? కొసను ఉమ్మితో తడిపి, వేళ్లతో మెలేసి, చిటికెలో ముడేస్తారు. వాడూ అదే చేశాడు. కుడిచేతి గ్లవ్స్ రెండూ తీసి, వేళ్లు తడుపుకుని ముడేశాడు. నేను అరిచేలోగా ముడి పడిపోయింది.

"ఏం గాదన్నా, జర తిమ్మిరెక్కింది," అన్నాడు.

మూడు వేళ్లు మైనంలా తెల్లబడ్డాయి. తర్వాత పొక్కులు. తర్వాత నలుపు. వాడు కట్టిన తాడు వల్లే రేడియో పలికింది. ఆపరేటర్ హెలికాప్టర్ అడిగాడు. "మౌసం ఖరాబ్. రుకో," అని జవాబు. వాతావరణం బాలేదు, ఆగమని. నాలుగు రోజులూ అదే జవాబు.

వేడి తగలాలని వాడి చేతిని నా చంకలో పెట్టుకుని పడుకున్నాను. చీము, చెమట, కిరోసిన్. అన్నీ కలిసి ఒకటే కంపు.

"వేళ్లుంటయా అన్నా?"

"ఉంటయ్ పో, పండుకో," అన్నాను. నాకే నమ్మకం లేదు.

అయిదో రోజు హెలికాప్టర్ వచ్చింది. ఆస్పత్రిలో మూడు వేళ్లూ తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

సూరత్ తిరిగి వచ్చాక మనవాళ్లు మా ఇద్దరికీ సన్మానం పెట్టారు. థర్మోకోల్‌తో మంచుకొండ కట్టి, దాని ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు. తర్వాత బంతి భోజనాలు. వాడి పక్కనే కూతురు. వాడు అన్నం కలిపాడు, ముద్ద నిలవలేదు. రెండుసార్లు చూసి ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టాడు. అవతలి పక్క కూర్చున్నాయన, వాడికి శాలువా కప్పిన పెద్దమనిషే, మొహం చిట్లించాడు.

"ఏంది తమ్మీ, ఎడమ చేత్తోని? బంతిల అందరం తింటున్నం గదా, ఛీ!" అని తన విస్తరి దూరం జరుపుకున్నాడు.

కుళ్లుతున్న చేయి చంకలో పెట్టుకున్నప్పుడు కూడా నాకు అంత అసహ్యం పుట్టలేదు. నోట్లో ముద్ద అక్కడే ఉమ్మేశాను.

వాడు మాత్రం ఎడమ చేయి కడుక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. కుడి చేయి మళ్లీ అన్నంలో పెట్టాడు. నాకు ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోనిది అదే: ఆ రెండు వేళ్ల మధ్య నుంచి మెతుకులు జారిపోతుంటే, కూతురు చూడకుండా వాడు విస్తరి మీదికి వంగిపోవడం.