ఇరవై తొమ్మిది పళ్ళు

ఇటుకల లారీవాడితో మరిది పెట్టుకున్న తగువును వదిన వంటింటి కిటికీలోంచి మొదటినుంచి చివరిదాకా చూసింది. వెనకగది గోడకు రెండు వేల ఇటుకలు చెప్పారు. లారీవాడు గుట్టగా దింపించి, "లెక్క సరిగ్గా ఉంది, సంతకం పెట్టండి" అని కాగితం చాచాడు. మరిది కాగితం ముట్టుకోలేదు. గుట్ట దగ్గరికి వెళ్ళి ఒక ఇటుక తీసి పక్కన పెట్టి "ఒకటి" అన్నాడు. ఇంకోటి తీసి "రెండు" అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. లారీవాడు ముందు నవ్వాడు. తర్వాత తిట్టాడు. తర్వాత హారన్ మోగించాడు. రెండొందల దగ్గర వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆరొందల పన్నెండు దగ్గర లారీవాడు కిందికి దిగి, "స్వామీ, నీకో దణ్ణం. మూడొందలు తక్కువే. రేపు తెచ్చి పడేస్తాను" అన్నాడు.

"పడెయ్యకు, పేర్చు" అన్నాడు మరిది.

తగువంటే నోటితో గెలిచేదని అంతవరకూ వదిన నమ్మకం. ఆమె నోటికి జడిసి కుళాయి దగ్గర వరసే సర్దుకునేది. మూడో తరగతితో చదువు ఆగిపోయినా మాట ఆగలేదు. అయినా ఆ రోజు లోపల ఒప్పుకుంది, పైకి మాత్రం, "ఇటుకలు లెక్కపెట్టేవాడికి పిల్లనెవరిస్తారయ్యా, తలవెంట్రుకలు కూడా లెక్కపెడతావని పారిపోతారు" అంది. అన్నంత పనీ అయింది. పెళ్ళి కాలేదు. అన్న పోయాక వదిననీ ఇంటినీ తనే చూసుకున్నాడు. ఊళ్ళో అందరికీ అతను లెక్కలాయన.

లెక్కలాయనది వ్యాను. మూత్రపిండాలు చెడి, వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకునే ఆరుగుర్ని ఎక్కించుకెళ్ళి, నాలుగు గంటలు ఆగి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపడం అతని పని. పదకొండేళ్ళలో ఒక్క రోజు ఆలస్యం కాలేదు. ఆ ఆరుగురిలో బట్టలు కుట్టే ఆవిడ ఎప్పుడూ ముందుసీట్లో కూర్చునేది. వ్యాను సీట్లన్నిటికీ నీలం దారంతో తొడుగులు కుట్టింది ఆవిడే.

మూడో గేరు అరుస్తోందని వ్యానును కంపెనీ షోరూంకి తీసుకెళ్ళాడు. ఎప్పుడూ బండి బాగుచేసే పాత మేస్త్రీ చనిపోయాడు, వేరే దిక్కు లేదు. తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ రోగులు ఎలా తిరిగారో వాళ్ళకే తెలుసు, బట్టలు కుట్టే ఆవిడకు రెండుసార్లు ఆసుపత్రి తప్పింది. పదోరోజు వెళితే చల్లటి గది, అద్దాల గోడ, పింగాణీ కప్పులో టీ. మెడకు టై కట్టుకున్న కౌంటర్ మనిషి "సార్, సార్" అంటూ, తీగతో మూతి కట్టిన సంచీ ఒకటి చేతికిచ్చాడు. "మీ పాత గేరు సార్. మార్చిన సామాను కస్టమర్‌కి చూపించడం మా పద్ధతి. చూశానని ఇక్కడ సంతకం."

ఆరొందల ఇటుకల్ని నడివీధిలో లెక్కపెట్టినవాడు ఆ సంచీ మూతి విప్పలేదు. ఆ తళతళల్లో, ఆ సార్ల మధ్య, నూనె ఓడే ఇనుపముక్కను బల్ల మీద పెట్టి పళ్ళు లెక్కపెట్టాలంటే సిగ్గేసింది. సంతకం చేసి ఇంటికొచ్చి సంచీని తలుపు వెనక మేకుకు తగిలించాడు.

వారం తిరక్కుండానే గేరు జారడం మొదలైంది. చదునులో బాగానే ఉండేది. ఎత్తెక్కేటప్పుడు, అదీ నిండా జనం ఉన్నప్పుడు, మూడో గేరు దానంతటదే ఊడి వచ్చేసేది. మళ్ళీ షోరూంకి వెళ్ళాడు. ఈసారి వదిన కూడా ఎక్కింది. కౌంటర్ మనిషి వ్యానును ఆవరణలోనే మూడు చుట్లు తిప్పాడు.

"బ్రహ్మాండంగా ఉంది సార్."

"ఇక్కడ ఎత్తేదండీ? వంతెన మీదికి రండి, చూపిస్తాను."

"గేటు దాటి తీసుకెళ్ళడానికి మా రూల్ ఒప్పుకోదు సార్."

"బాబూ," అంది వదిన, "ఈత వచ్చో రాదో చెంబులో ముంచి చూస్తారా మీరు?"

కౌంటర్ మనిషికి నవ్వొచ్చింది కానీ దిగమింగుకున్నాడు. "పెద్దమ్మా, క్లచ్ మీద కాలు పెట్టి నడిపితే ఏ గేరైనా జారుద్ది. సార్ అలవాటు మార్చుకోవాలి."

ఇంటికొచ్చాక మరిది వ్యాను తుడుచుకుంటూ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు స్టీరింగ్ పట్టినవాడికి నడపడం నేర్పారు కదా అని వదినే కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది.

వ్యాను ఆపితే ఆరుగురూ ఇళ్ళలో పడుకోవాలి. అందుకని ఆపలేదు. వంతెన ఎత్తులో ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గేరు కడ్డీ అదిమిపట్టి నడిపాడు. మలుపు దగ్గర స్టీరింగుకు రెండు చేతులూ కావాలి. అక్కడ బట్టలు కుట్టే ఆవిడ, "నేను పట్టుకుంటాలే అన్నయ్యా, మిషను తిప్పిన చేతులివి" అని కడ్డీ మీద రెండు చేతులూ వేసేది. వెళ్ళినప్పుడల్లా అదే వరస. వద్దని అతను అనలేదు. వెనక కూర్చున్నవాళ్ళు, "లెక్కలాయనకి ఇన్నాళ్ళకి అసిస్టెంటు దొరికింది" అని నవ్వేవాళ్ళు.

ఆ మంగళవారం ఆవిడకు కాళ్ళు వాచి, చేతుల్లో పట్టు లేదు. మలుపులో ఆవిడ పట్టు జారి గేరు ఊడింది. ఇంజను వట్టినే అరిచింది. నిండా బరువుతో ఉన్న వ్యాను, బ్రేకు పట్టేలోగా నాలుగు బారలు వెనక్కి జారి వంతెన గోడకు పక్కవాటుగా గుద్దుకుంది. మరిది వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయి మోకాలు చితికింది. మిగతావాళ్ళకు దెబ్బలు లేవు. కానీ అందరూ వంతెన మీద ఎండలో రెండున్నర గంటలు కూర్చున్నారు. ఆ రోజు ఆసుపత్రిలో వాళ్ళ వంతు దాటిపోయింది. బట్టలు కుట్టే ఆవిడ మర్నాడు పొద్దున్నే చనిపోయింది.

వ్యానును మళ్ళీ ఆ షోరూంకే చేర్చారు. వాళ్ళు రాసిచ్చిన కాగితంలో మూడు ముక్కలున్నాయి. గేరు కొత్తది. పాతది కస్టమర్ చూసి సంతకం చేశాడు. డ్రైవరు గేరును రోగి చేతికిచ్చి నడిపాడు. మూడోది పాపం వెనక సీట్లవాళ్ళే చెప్పారు, ఆవిడ మంచితనాన్ని తలుచుకుంటూ చెప్పారు. ఇప్పుడు ఆ చావు లెక్కలాయన మెడకు చుట్టుకుంది. సోమవారం పదకొండు గంటలకు రవాణాశాఖ తనిఖీ అధికారి షోరూంకి వస్తాడు, వ్యాను చూస్తాడు, ఆ కాగితం కింద తన ముద్ర వేస్తాడు. వేస్తే లైసెన్సు ఉండదు. లైసెన్సు పోతే పోయింది, ఆవిడను చంపినవాడన్న పేరు ఉండిపోతుంది.

ఆదివారం గాలికి తలుపు ఊరికే కొట్టుకుంటుంటే, అడ్డం పెడదామని వదిన మేకు మీది సంచీ దించింది. ఇనుము బరువు. కాలికి ఊచలు వేసుకుని మంచం మీదున్న మరిది ఆ చప్పుడుకు తల తిప్పాడు.

"ఇటివ్వు వదినా."

తీగ విప్పాడు. గేరును పొట్ట మీద పెట్టుకుని, సుద్దముక్కతో ఒక పన్ను మీద గీత గీసి, అక్కణ్ణించి వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి వదినను లెక్కపెట్టమన్నాడు. ఇరవై తొమ్మిది.

"నా బండి మూడో గేరుకు ముప్ఫై మూడు," అన్నాడు. "పాత మేస్త్రీ విప్పినప్పుడు నేనే లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాను. వాళ్ళ కౌంటర్ మీదుండే సామాన్ల పుస్తకంలో కూడా అంతే ఉంటుంది. ఇది ఎవరి బండిదో. నాది నా బండిలోనే ఉంది, వదినా. వాళ్ళు మార్చనే లేదు."

వదినకు ఒళ్ళు మండిపోయింది. "తడిగుడ్డతో గొంతు కోశారు. రేపు వెళ్ళి ఆ టైవాడి మెడ..."

"అప్పుడు విప్పి ఉంటే ఆవిడ బతికేది," అన్నాడు అతను, గేరు మీంచి చూపు తియ్యకుండా. "ఒక్క నిమిషం పట్టేది."

వదిన దుప్పటి మీద పడ్డ సుద్దపొడి దులిపింది. "ఆవిడ కడ్డీ పట్టుకున్న సంగతి మాత్రం మనం కాదందాం. వెనకవాళ్ళకి ఏం కనపడుతుంది? నేను సర్దిచెబుతాను" అంది.

"వద్దు."

గేరును సంచీలో పెట్టి, తీగ మునుపటిలాగే మెలితిప్పి ఆమె చేతికిచ్చాడు.

"నేను రాలేను కదా. నువ్వెళ్ళు. అరవొద్దు, శాపాలు పెట్టొద్దు. ఆవిడ చెయ్యి గేరు మీద ఉండేదనీ, నేనే ఉండనిచ్చాననీ అధికారికి ముందు అది చెప్పు. తర్వాత వాళ్ళ పుస్తకం తెరిపించి, దీన్ని బల్ల మీద పెట్టి, గీత గీసిన పన్ను దగ్గర మొదలుపెట్టి, అందరికీ వినబడేలా లెక్కపెట్టు."